ఓడరేవుకు కారవాన్‌లో వెళ్తున్నారా?

వంటగది, పడకలు అమర్చిన కారవాన్‌లో 216వ జాతీయ రహదారి మీదుగా చీరాల వచ్చి, ఓడరేవు బీచ్ దగ్గర రాత్రి బస చేసేవారికి నాలుగు మాటలు.

నా భయమంతా గ్యాస్‌తోనే. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. అందుకే బండి అడుగునుండే గాలి రంధ్రాల్లో, దోమలొస్తున్నాయని గుడ్డలు కుక్కకండి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ కట్టేయండి, పడుకునేముందు కూడా.

తర్వాత టైర్ల వయసు చూసుకోండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి గాళ్లు అరక్కపోయినా రబ్బరు పగుళ్లిస్తుంది.

ఇక ఉప్పుగాలి. తీరం నుంచి తిరిగొచ్చిన రోజే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, బ్రేకు పైపుల దగ్గర మరీ శ్రద్ధగా. ఇసుకలోకి మాత్రం దించకండి, ఆ బరువుకు చక్రాలు కూరుకుపోతాయి.