క్రూజ్ కంట్రోల్ సెట్ అవ్వట్లేదా? స్కానర్‌తో ఇలా చెక్ చేయండి

ఈ ఎపిసోడ్‌లో క్రూజ్ కంట్రోల్‌ని స్కానర్‌తో ఎలా టెస్ట్ చేయాలో చూద్దాం. మామూలు క్రూజ్ గురించే చెప్తున్నా. రాడార్ ఉండే అడాప్టివ్ క్రూజ్ వేరే కథ.

ఎక్కువగా వచ్చే కంప్లైంట్ ఏంటంటే, క్రూజ్ ఆన్ చేస్తే మీటర్‌లో సింబల్ వస్తుంది, సెట్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. మా బాబాయ్ కారుకీ ఇదే ప్రాబ్లమ్. ఒక వర్క్‌షాప్‌లో స్టీరింగ్ బటన్లు, లోపలుండే క్లాక్ స్ప్రింగ్ రెండూ మార్చాలన్నారట. "స్కానర్ పెట్టి చూశారా బాబాయ్?" అంటే, "లేదురా, చూసి చెప్పేశారు" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కదా, లాగ్ చూడకుండా కోడ్ మార్చేస్తే ఎంత మండుతుందో, నాకు ఇదీ అంతే!

కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. డాష్‌బోర్డ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ ఉంటుంది, స్కానర్ అక్కడ పెట్టాలి. ముందు కోడ్స్ చదవండి. పీ0571 వస్తే బ్రేక్ స్విచ్ సర్క్యూట్‌లో తేడా ఉన్నట్టు. పీ0504 వస్తే బ్రేక్ స్విచ్ నుంచి వచ్చే రెండు సిగ్నల్స్ ఒకదానితో ఒకటి కలవట్లేదని. అసలు ఏ కోడూ రాకపోవచ్చు కూడా, అక్కడితో ఆగిపోకండి.

లైవ్ డేటాకి వెళ్లండి. చవక బ్లూటూత్ డాంగిల్స్‌లో చాలావాటికి ఇది కనిపించదు, మీ కంపెనీ కారుకి సపోర్ట్ ఉన్న స్కానర్ కావాలి. సెట్, రెజ్యూమ్, క్యాన్సిల్ ఒక్కొక్కటీ నొక్కండి. స్క్రీన్ మీద మారుతుంటే బటన్లూ, క్లాక్ స్ప్రింగూ బానే ఉన్నట్టు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ కూడా నొక్కి చూడండి.

బాబాయ్ కారులో అన్నీ మారాయి. కానీ పెడల్ మీద కాలు లేకపోయినా రెండో బ్రేక్ సిగ్నల్ 'నొక్కారు' అనే చూపిస్తోంది! చాలా కార్లలో బ్రేక్ స్విచ్‌లో రెండు కాంటాక్ట్‌లుంటాయి. ఒకటి బ్రేక్ లైట్‌కి, ఇంకోటి ఈసీయూ క్రాస్‌చెక్ చేసుకోడానికి. ఏ ఒక్కటి 'నొక్కారు' అన్నా ఈసీయూ క్రూజ్ ఇవ్వదు. ఇవ్వకపోవడమే కరెక్ట్ కూడా. బ్రేక్ లైట్లు మామూలుగానే వెలుగుతున్నాయి కాబట్టి ఎవరికీ డౌట్ రాలేదు. స్విచ్ ఒక్కటే మార్చాం, అయిపోయింది.

పెడల్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కుతూ చూడండి. కొంచెం నొక్కగానే రెండు సిగ్నల్స్ దాదాపు ఒకేసారి మారాలి. చాలా లోపలికి వెళ్లాక మారితే ఇంకా డేంజర్, మీరు బ్రేక్ మీద కాలు పెట్టినా క్రూజ్ లేటుగా కట్ అవుతుంది. మాన్యువల్ కారైతే క్లచ్ స్విచ్‌కీ ఇదే టెస్ట్.

ఇవన్నీ ఓకే అయితేనే రోడ్డు మీదకి వెళ్లండి. స్కానర్ పక్కసీటు వాళ్ల చేతిలో ఉండాలి, డ్రైవ్ చేసేవాళ్లు స్క్రీన్ చూడకూడదు. చాలా కార్లలో 40 కిలోమీటర్ల స్పీడ్ దగ్గర పడితేగానీ క్రూజ్ సెట్ అవ్వదు, మీ కారు మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. కోడ్స్ మాత్రం ఫోటో తీసుకున్నాకే క్లియర్ చేయండి.