పాలబండి ఇనుప సామానుకు ఏ పూత వేయించాలి?

(ఖానాపూర్‌లో సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మేము రంగుపని తెలిసిన మేస్త్రీలం కాము. పద్దులు, రశీదులు చూచేవాళ్ళం. అయితే రశీదులు కూడా కొన్ని సంగతులు చెబుతాయి. ఒక సంఘంలో తనిఖీకి కూర్చుంటే, దసరా నెల వచ్చిందంటే చాలు, "బండి రంగు ఖర్చు" అని ప్రతి ఏడూ ఒక వోచరు కనిపించింది. వెండి రంగు డబ్బా ఒకటి, బ్రష్షు ఒకటి, కూలి. ఆయుధపూజ నాటికి బండి మెరవాలి గనుక పాలకవర్గంలో ఎవరూ ఆక్షేపించలేదు. బయటికి వెళ్ళి బండి చూస్తే, క్యాన్లు నిలబెట్టే రాకు అడుగు పట్టీలు గోటితో గీరితేనే పొరలు పొరలుగా ఊడివచ్చాయి. పైన నాలుగు దసరాల రంగు, కింద జంగు. ఇనుము సగమే మిగిలింది.

ఇంకొక సంఘంలో బండి వెనుక మెట్టు పైకి నిగనిగలాడుతూనే ఉంది. 40 లీటర్ల నిండు క్యానుతో ఎక్కుతున్న కుర్రవాడి కాలి కింద అది తెగిపోయింది. కుర్రవాడి చెయ్యి విరిగింది. ఒలికిన పాల లెక్క రిజిస్టరులో ఎక్కింది. చెయ్యి సంగతి ఎక్కలేదు.

కనుక ఈ రంగు సంగతి చిల్లర ఖర్చు కింద తోసివేయదగినది కాదు. మేము చెప్పదలచినది ఒకటే. పూతను మెరుపు చూచి గాని, డబ్బా ధర చూచి గాని ఎన్నుకోరాదు. ఆ ముక్క మీద రోజూ ఏమి పడుతున్నది, దానికి ఏమి రాసుకుంటున్నది అని చూచి ఎన్నుకోవాలి. ఇసుక లారీ మీద పడేది వాననీరు. పాలబండి మీద పడేది అది ఒక్కటే కాదు. ఒలికిన పాలు పట్టీల సందులో నిలిచి పులుస్తాయి, పులిస్తే ఆమ్లం. సాయంత్రం దాన్ని కడిగేది సోడా నీళ్ళతో, అది క్షారం. ఒకే ఇనుము మీద పొద్దున పులుపు, సాయంత్రం కారం. ఇప్పుడు చాలాచోట్ల బల్కు కూలర్లు, ట్యాంకర్లు వచ్చాయి. అయినా పల్లె నుంచి కూలరు దాకా ప్రయాణం ఇంకా చాలావరకు క్యానులోనే.

మనవాళ్ళు మామూలుగా వేయించేది రెడాక్సైడు ఒక కోటు, దాని మీద సింథటిక్ ఎనామిల్. తలుపులకు, కిటికీ ఊచలకు ఇది చక్కని రంగే. కాని ఎనామిల్ నూనె ఆధారంగా తయారైనది. నూనెకు కాస్టిక్ సోడా కలిపితే ఏమవుతుందో సబ్బు వండినవారికి తెలుసు. క్యాన్లు కడిగిన సోడా నీళ్ళు రాకు మీద కారినప్పుడల్లా ఆ ఎనామిల్ కొంచెం కొంచెంగా సబ్బుగా మారుతూ మెత్తబడుతుంది. తరువాత క్యాను అంచు గీసుకుంటే లేచిపోతుంది. రంగు నాసిరకం అని మనం దుకాణదారుణ్ణి తిడతాము. రంగు మంచిదే, పెట్టిన చోటు దానిది కాదు.

రాకు అడుగుకు రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ వేయించండి. మొదట జింక్ ఫాస్ఫేటు ఉన్న ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ పూత. సోడాకు, పులిసిన పాలకు ఇది బాగా తట్టుకుంటుంది. ఎండకు మాత్రం పైపొర సున్నం రాలినట్లు పొడిపొడి అవుతుంది. కనుక పైకప్పు లేని బండి అయితే చివర పాలీయురెథేను కోటు తప్పదు. ఆ రంగు స్ప్రే చేసేటప్పుడు దాని తుంపర ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, అందుకు తగిన మాస్కు కావాలి. లేదా బ్రష్షుతో వేయించండి. రెండు డబ్బాలూ కంపెనీ చెప్పిన పాళ్ళలోనే కలపాలి. కలిపినది మర్నాటికి దాచుకుంటే డబ్బాలోనే రాయి అవుతుంది. పూత పూర్తిగా గట్టిపడటానికి సుమారు వారం కావాలి, ఆ వారం అద్దె బండి చూచుకోవలసినదే. స్తోమత ఉన్న సంఘం రాకు అడుగును స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయిస్తే ఈ బాధలేవీ లేవు.

పట్టీల మీద రబ్బరు పరవమని కూడా చెబుతాము. అల్యూమినియం క్యాను తడి ఇనుముకు ఆనుకొని ఉంటే క్యానే తినివేయబడుతుంది. అయితే ఆ రబ్బరు ఊడదీసి కడిగేట్టు ఉండాలి. మేకులతో బిగిస్తే దాని కింద నీరు నిలిచి, ఉన్న పూత కూడా పోతుంది.

ఇక బంపరు, వెనుక మెట్టు, పక్క కడ్డీలు, స్టెప్నీ పెట్టే చట్రం, డాలా కొక్కేలు. వీటికి పాలతో పని లేదు. వీటి శత్రువులు వాన, బురద, అడవి దారిలో చక్రాల కింద నుంచి ఎగిరే కంకర. రాయి తగిలితే ఏ రంగైనా చిట్లుతుంది. ఆ చిట్లిన చోటి నుంచి జంగు రంగు కిందికి పాకుతుంది. పౌడరు కోటింగు చూపుకు అన్నిటికంటే బాగుంటుంది, కాని చిట్లిన తరువాత దానిదీ ఇదే కథ. ఈ ముక్కలకు మేము మొగ్గు చూపేది కరిగిన జింకులో ముంచి తీసే గాల్వనైజింగుకే. దాని పొర తల వెంట్రుక మందమే. అయినా గీత పడినచోట పక్కనున్న జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఇది మామూలు రంగులు చేయలేని పని. జింకు ఇంత మంచిది గదా, రాకు అడుగుకు కూడా వేయిద్దామని అనుకోరాదు. పులిసిన పాలకూ, గాఢమైన కాస్టిక్‌కూ జింకు కరుగుతుంది. పాలు తగిలే చోట దానికి పని లేదు.

ముంచడానికి పంపే ముందు ఒక్క జాగ్రత్త ప్రాణం మీది మాట. ఆ తొట్టిలో జింకు సుమారు 450 డిగ్రీల వేడితో ఉంటుంది. రెండు చివరలూ మూసి వెల్డింగు చేసిన పైపును అందులో ముంచితే, లోపల చిక్కిన తడి ఆవిరై బాంబులా పేలుతుంది. గాలి పోవడానికి, జింకు కారడానికి రంధ్రాలు పెట్టించి తీరాలి. వెల్డింగు పనులన్నీ ముంచకముందే ముగించాలి. తరువాత వెల్డింగు చేస్తే అక్కడి పూత కాలిపోతుంది, ఆ పొగ పీల్చినవాడు రాత్రికి జ్వరంతో పడుకుంటాడు. ఇంకొకటి: కొత్త గాల్వనైజు మీద నేరుగా ఎనామిల్ వేస్తే అట్టలుగా ఊడుతుంది. రంగు కావాలంటే ముందు దానికి తగిన ఎచ్ ప్రైమరు వేయాలి.

ఈ మాటలు చెబుతుండగా వెనుక నుంచి ఒక పెద్దాయన అడిగారు: "సారూ, గింత ఖర్చెందుకు? పాత ఇంజనాయిల్ రుద్దితె జంగు రాదు గదా?" నాగలికి, గడ్డపారకు అది చెల్లుతుంది. పాలబండికి చెల్లదు. పాలు వాసన ఇట్టే పట్టుకుంటాయి. పైగా కాలిన నూనెలో లోహపు పొడి ఉంటుంది, చేతికంటినది మూతకంటుతుంది. ఇదే లెక్కన ఎర్ర సీసం ప్రైమరును దగ్గరికి రానీయవద్దు. ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అవి అమలులో ఉన్నాయి. అవి ఇంటి రంగులకు, అలంకరణ రంగులకే గాని, ఇనుముకు వేసే పారిశ్రామిక రంగులకు వర్తించవు. కనుక డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్నదేమో మనమే చదవాలి. పసుపుపచ్చ జింక్ క్రోమేటు ప్రైమరు కూడా జంగును బాగానే ఆపుతుంది, కాని అందులోని క్రోమియం క్యాన్సరు కారకం. పాత రంగు గీకేటప్పుడు ఆ దుమ్ము పీల్చేది మన కుర్రవాళ్ళే.

ఏ పూత అయినా నిలిచేది కింది ఇనుమును బట్టి. నిర్మల్ బొమ్మ చూడండి. పొణికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, ఆరనిచ్చి, తెల్లమట్టి పూసి, అదీ ఆరిన తరువాతనే నకాషీలు రంగు ముట్టుకుంటారు. మన వెల్డింగు షాపుల్లో సాయంత్రం వెల్డింగు, రాత్రి రంగు. కొత్త యాంగిల్ మీద నీలిబూడిద రంగు నున్నని పొర ఒకటి ఉంటుంది. చూడటానికి శుభ్రంగా ఉన్నా అది ఇనుముకు గట్టిగా అంటుకొని ఉండదు. అది ఊడితే దాని మీది రంగూ ఊడుతుంది. ఇసుక పీడనంతో గాని, గ్రైండరు చక్రంతో గాని దాన్ని తీయించాలి. వెల్డింగు చిట్టెం కొట్టించాలి. పదునైన అంచులను ఆకురాయితో గుండ్రం చేయించాలి, ఎందుకంటే రంగు పదును మీద నిలవక జారిపోతుంది. తరువాత నూనె మరకలు తుడిచి, తెల్లని గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డ మాసితే ఇంకా రంగు వేళ కాలేదన్నమాట. శుభ్రం చేసిన రోజునే మొదటి కోటు పడాలి. అంచులకు, అతుకులకు ముందుగా బ్రష్షుతో ఒక వరస అద్దాలి. మెరిసే కోటు కంటే ఈ పనికే కూలి ఎక్కువ ఇవ్వండి. తనిఖీలో మేము దానికి అభ్యంతరం చెప్పము.

కాలం కూడా చూడాలి. అటు గోదావరి, ఇటు కడెం, చుట్టూ అడవి. వానాకాలంలోనూ, చలికాలపు పొద్దుటి మంచులోనూ ఇనుము చెమరుస్తుంది. చెమ్మ మీద వేసిన రంగు బుడగలెత్తుతుంది. దసరా వానలు వెనుకపట్టిన రోజులే కావచ్చు గాని రంగుకు మంచి అదను కాదు. ఫిబ్రవరి, మార్చి మేలు. అదీ మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు. ఆయుధపూజకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేయండి, చాలు.

కొటేషన్లు పిలిచేటప్పుడు "బండికి రంగు" అని ఒక్క మాట రాస్తే తక్కువ ధరవాడు ఒక్క కోటు వేసి పోతాడు. ఏ ముక్కకు ఏ పూత, ఎన్ని కోట్లు, శుభ్రం ఎట్లా చేయాలి అన్నవి రాయండి. గాల్వనైజింగుకు భారత ప్రమాణం 4759 ప్రకారం అని రాయండి. మొదటి కోటు పడకముందు ఒక డైరెక్టరు చూచి సంతకం పెట్టాలని కూడా చేర్చండి. బండి ముందు బుల్ బారు ఉన్నవారు దానికి పూత కోసం ఖర్చు పెట్టవద్దు. అటువంటివి తీయించవలసిందిగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

గాల్వనైజింగు తొట్లు హైదరాబాదు వంటి పారిశ్రామిక ప్రాంతాలలోనే ఉంటాయి, అక్కడ తూకం లెక్కన తీసుకుంటారు. ఒక్క మెట్టు, ఒక్క బంపరు కోసం బండి కట్టుకొని పోతే దారి ఖర్చే ఎక్కువ. పది సంఘాల సామాను ఒక్క లారీలో పోతే భారం ఉండదు. ఇందుకు ఆ ముక్కలు బండికి వెల్డింగుతో కాక బోల్టులతో బిగించి ఉండాలి. ఈసారి మరమ్మతుకు వచ్చినప్పుడు అట్లా మార్పించండి. కలిసి పంపదలచిన సంఘాలు సంక్రాంతి లోపల ముక్కల జాబితా, తూకం రాసి ఇవ్వండి. ప్రతి ముక్కకు సంఘం పేరు ఇనుప తీగతో కట్టిన రేకు బిళ్ళ మీద చెక్కించండి, రంగుతో రాస్తే తొట్టిలో పోతుంది. పైపు ముక్కలకు రంధ్రాలు పెట్టించినట్లు జాబితాలో విడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉన్న సామానును లారీ ఎక్కించము.