మూత్రపిండదానము – కణజాలపు పొందిక



ఒక యింట మూత్రపిండములు చెడిన రోగి యున్నప్పుడు బంధువులు కూడి, "నీవు తోబుట్టువవు, నీవే యియ్యవలె"నని ఒకని నిర్ణయింతురు. తీరా పరీక్షలో కుదరలేదన్నచో, "ఒక కడుపున పుట్టియు కుదరకపోవుట యేమి?" యని గుసగుసలు పుట్టును. అవి నిరాధారములని తెలుపుటయే నేటి ప్రసంగోద్దేశము.

మన దర్శి వైపు పత్తి, మిరప పండించు రైతులకును మామిడియంటు సంగతి తెలియును. మామిడికి మామిడి యంటును, వేప యంటదు. మనుష్యదేహ మంతకంటె కఠినమైనది. సాటి మనుష్యుని యంగమునైనను పరాయిదని గుర్తించి నాశనము చేయజూచును. 1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ మరే అను వైద్యుడు ఏకరూపులగు కవలలలో ఒకని మూత్రపిండమును రెండవవాని కమర్చెను. ఆ దేహము దానిని తనదిగనే యెంచెను. రోగి యెనిమిదేండ్లు జీవించెను. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు ఈ చికిత్స జరిగెను.

దేహము స్వపరభేదమును కణములపై నుండు గుర్తులచే నెఱుగును. వీనిలో మొదటిదానిని 1958లో ఫ్రాన్సుదేశీయుడు జాన్ దోసే కనుగొనెను. వీనికి హెచ్.ఎల్.ఎ. అని పేరు. తండ్రియొద్ద రెండు, తల్లియొద్ద రెండు గుర్తుల సరములు గలవనుకొనుడు. ప్రతి బిడ్డకు ఒక్కొక్కరినుండి ఒక్కొక్క సరము వచ్చును. ఏది వచ్చునో మన చేతిలో లేదు. కావున ఇద్దరు తోబుట్టువులకు పూర్తిగ కుదురుట నాలుగింట ఒకపాలు, సగము కుదురుట రెండుపాళ్లు, ఏమియు కుదరకుండుట ఒకపాలు. ఇది జన్మదోషము గాదు, లెక్క మాత్రమే.

పొందిక హెచ్చిన కొలది అమర్చిన యంగము సాధారణముగ ఎక్కువకాలము నిలుచును. అయినను నేటి మందుల బలమున, సరములు కుదరని భార్య యిచ్చినదియు చక్కగ పనిచేయుచున్నది. ఆ మందులు మానరాదు. మానినచో ఎంత పొందిక యున్నను ప్రమాదమే. ఇదిగాక రోగి రక్తద్రవమును దాత కణములతో కలిపి చూతురు. పూర్వము రక్తమెక్కించుకొన్నవారికిని, కాన్పులైన స్త్రీలకును పరాయి గుర్తులపై విరోధము ముందే యుండవచ్చును. అది బలముగ నున్నచో సామాన్యముగ ఆ దాతను విడిచి మఱియొకరిని చూతురు.

కాబట్టి పెద్దలారా, ఎవరిది కుదురునో పరీక్ష తేల్చవలెను; ఇచ్చుటయా, మానుటయా అన్నది దాతయే తేల్చుకొనవలెను. 1994 నాటి చట్టమును అవయవముల క్రయవిక్రయములను నిషేధించి, దాత స్వేచ్ఛాసమ్మతిని కోరుచున్నది. ఇయ్యజాలనివానిని నిందింపకుడు, కుదరనివాని పుట్టుకను శంకింపకుడు. పంచాయితీలో మీ నోటి మాట ఒక కుటుంబమును నిలుపగలదు, విడదీయనుగలదు.