పెట్టెలోని కంఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను లెక్కలు వ్రాయువాడనే కాని పండితుడను కాను. భాగవతమును ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, నాయంతట నేను చదువుకొన్నవాడను. అట్టివాడు నేడు ఒక యంత్రమును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోచవచ్చును. కాని ఈ యంత్రపు పనియు తుదకు పద్దుల పని వంటిదే యని నాకు అనుభవమున తెలిసినది.

2000 సంవత్సరమున మన గ్రంథాలయ ప్రారంభోత్సవమును వీడియో తీయించితిమి. తరువాత కొన్నియేండ్లు ఉగాది సభలను, హరికథలను, వార్షికోత్సవములను తీయించితిమి. మొత్తము పండ్రెండు క్యాసెట్లు. వానిని ఇనుపబీరువాలో పెట్టి తాళము వేసి, భద్రముగా నున్నవని నమ్మితిమి.

క్యాసెట్టులోని టేపు అర అంగుళము వెడల్పుగల పలుచని పాలియెస్టరు నాడా. దానిపై అయస్కాంతగుణముగల పొడి జిగురుతో పూయబడి యుండును. బొమ్మయు ధ్వనియు ఆ పూతలోనే యున్నవి. తేమ తగిలిన బూజు పట్టును. ఏండ్లు గడచినకొలది జిగురు పట్టు విడుచును. ఆడించు యంత్రములును కరవైనవి. వీసీఆర్‌లను చివరివఱకు తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ 2016లో ఆ పని మానివేసినది. మేము బీరువా తెఱచునప్పటికి ఒక క్యాసెట్టు బూజుతో తెల్లబాఱి యుండెను. తుడిచి ఆడింపబోగా టేపు తెగిపోయినది. అది ఒక ఉగాదినాటి కవిసమ్మేళనము. దానిని పోయిన పద్దుగా వ్రాసికొంటిమి.

మిగిలిన పదునొకండింటిని పట్టణములో కంప్యూటరు ఫైళ్లుగా మార్పించితిమి. అన్నియు కలిసి పందొమ్మిది గంటలు. ‘డీవీ’ పద్ధతిలో గంటకు సుమారు 13 జీబీ చొప్పున 247 జీబీ అయినది. ఆ హార్డుడిస్కును తెచ్చి మేము చేసిన పని యేమి? మరల అదే బీరువాలో పెట్టి తాళము వేసితిమి! ఒక సంవత్సరము దానిని ఎవరును చూడలేదు. చూడవలెనన్న కంప్యూటరు తెలిసిన పిల్లవానిని పిలువవలెను. ఆ పిల్లవాడు వచ్చిననాడు తాళముచెవి దొరకదు.

తాటాకు గ్రంథములు మన వఱకు వచ్చుట ఆకు గట్టిదనము చేతనే కాదు. వానిని చదువువారుండిరి, పాతబడిన ప్రతిని చూచి క్రొత్త ప్రతి వ్రాయువారుండిరి. సి.పి. బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి, ప్రతులను పోల్పించి వ్రాయించెను. మా బీరువాలోని డిస్కునకు చదువరియు లేడు, వ్రాయసకాడును లేడు. కావున టీవీ ప్రక్కనే ఒక కంప్యూటరును శాశ్వతముగా నుంచవలెనని నిశ్చయించితిమి.

ఒక సభ్యుడు తాను వాడి విడిచిన చిన్న కంప్యూటరు నిచ్చెను. హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటే బొమ్మను ధ్వనిని రెంటిని టీవీకి చేర్చును. ‘కోడి’ అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. 2014 వఱకు దాని పేరు ఎక్స్‌బీఎంసీ. మీట నొక్కగనే అది తానే తెఱచుకొనునట్లు అమర్చితిమి. “కోడి కూసిందా?” యని పిల్లలు నేటికిని పరిహాసమాడుచున్నారు. ఒక్కొక్క క్యాసెట్టునకు ఒక్కొక్క అర. ప్రతి అరపైనను ఆనాటి సభలోని ఒక ముఖము. అక్షరము రానివారు సైతము ముఖమును చూచి ఎన్నుకొనవచ్చును.

తొలినాడు మాష్టారి సతీమణిని పిలిచితిమి. ప్రారంభసభలో గజేంద్రమోక్షము చదివినది ఆ మాష్టారే. పద్యమును ఎచ్చట విఱచి చదువవలెనో నేను నేర్చినది ఆ కంఠమునుండియే. ఆయన గతించి చాల కాలమైనది. ఆ కంఠము ఈ క్యాసెట్టులో తప్ప మఱియెచ్చటను లేదు. బొమ్మ ఆడినది. ఆమె కొంతసేపు చూచి, “ఈయన మా వారు కాదు, నాయనా” అనెను.

తప్పు మాది. పాత బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లయిన ఎత్తు మూడు పాళ్లు. నేటి టీవీ వెడల్పు పదునాఱు పాళ్లయిన ఎత్తు తొమ్మిది. తెఱ నిండవలెనని మేము బొమ్మను సాగదీసితిమి. బక్కపలుచని మనిషి లావైపోయెను. పైగా ఆయన చేయి కదలినప్పుడెల్ల దువ్వెనపండ్లవంటి గీతలు. మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ రెండు విడతలుగా వచ్చును, ఒక విడత బేసిగీతలు, ఒక విడత సరిగీతలు. నేటి తెఱ రెంటిని కలిపి ఒక్కసారి చూపుటచే కదలిన చేయి రెండుచోట్ల కనబడును. ఈ రెండు దోషములకును మందు కోడిలోనే కలదు: బొమ్మను 4:3 కొలతలో నుంచుట, ‘డీఇంటర్లేసు’ చేయుట. అప్పుడు ప్రక్కల మిగులు నల్లని పట్టీలను చూచి విసుగుకొనరాదు. పుస్తకమునకు అంచు వదలినట్లే యనుకొనవలెను.

సరిచేసి మరల ఆడించితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, “ఆ రోజు కూడా పై గుండీ పెట్టుకోలేదు. చెపుతూనే ఉన్నాను” అనెను. పద్యము ముగియువఱకు గదిలో ఎవరును కదలలేదు.

ఇక జాగ్రత్తలు. మూలప్రతిని ఎన్నడును చెఱుపరాదు. చూచుటకు వేఱుగా చిన్నప్రతులు చేసితిమి, గంటకు 1.8 జీబీ చొప్పున మొత్తము సుమారు 34 జీబీ మాత్రమే. మూలప్రతులు మూడుచోట్ల నున్నవి: ఒకటి ఇచ్చట, ఒకటి పాఠశాలలో, మూడవది పొరుగూరి సభ్యుని ఇంట. హార్డుడిస్కును చిరంజీవి కాదు. ప్రతి ఉగాదికి మూడింటిని తెఱచి చూచి, చిట్టాలో సంతకము చేయవలెను. చెడినదాని స్థానమున క్రొత్త ప్రతి నుంచవలెను.

మీ యిండ్లలో అటకలమీద పెండ్లి క్యాసెట్లున్నవి. వానిలో మీ తాతలు పందిటిలో తిరుగుచున్నారు, మీ అమ్మమ్మలు నవ్వుచున్నారు. వచ్చు వానకాలమునకు ముందే వానిని తీసికొని రండు. పోయిన పద్దు ఒకటి చాలును. రెండవది వ్రాయుటకు నాకు చేయి రాదు.

సెలవు.