ఒకటో తరగతి ఉస్తాదుకు డిగ్రీ చదువెందుకు?

(మౌలానా ఆజాద్ జయంతి సందర్భంగా మన సొసైటీ ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన ప్రసంగపాఠం)



నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. తెలుగులో ఎక్కడైనా తడబడితే పెద్దమనసుతో సర్దుకొమ్మని మనవి. మౌలానా గారి పాండిత్యం గురించీ, జైలు జీవితం గురించీ, 1947 నుండి 1958లో కన్నుమూసేవరకు విద్యామంత్రిగా ఆయన చేసిన సేవ గురించీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. ఆయన పేరు పెట్టుకున్న ఒక కేంద్రం చేసిన పని గురించి నాలుగు మాటలు చెబుదామని నేను వచ్చాను. అది చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను బి.ఎడ్. చదివిన రోజుల్లో అది ఒక్క ఏడాది చదువు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పి చూపించాము, మార్కులు వేయించుకున్నాము. పట్టా పుచ్చుకొని ఒక ప్రైవేటు బడికి పోతే, ఆ బడివారు నన్ను ఒకటో తరగతిలో నిలబెట్టారు. డిగ్రీ ఉంది, బి.ఎడ్. ఉంది, చిన్నపిల్లలకు చెప్పడం ఏం పెద్ద విద్య అనుకున్నాను.

ఆ తరగతిలో ఒక బాబు. ఉర్దూ బాగానే రాసేవాడు. ఇంగ్లీషు మాట ఇస్తే మాత్రం పలక కుడి అంచునుంచి మొదలుపెట్టేవాడు. 'క్యాట్' రాయమంటే అక్షరాలన్నీ తిరగబడి కూర్చునేవి. 3 అంకె గోడవైపు తిరిగి నిలబడేది. నిర్లక్ష్యం అనుకొని చెవి మెలివేశాను, బెంచీ ఎక్కించాను. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు మూడు నెలలు. చివరికి ఆ పిల్లవాడి నానీ బడికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. బీడీలు చుట్టి బతికే మనిషి. గొంతు పెంచకుండా ఒకటే అడిగింది: "సాబ్, ఉర్దూ కుడినుంచి రాయమని మీరే నేర్పించారట. ఇంగ్లీషు ఎడమనుంచి రాయాలని వాడికి ఎప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. చెప్పాలని నాకు తోచనే లేదు. 

తర్వాత పక్క వీధి బడిలో పనిచేసే ఒక ఆపా నాకు దారి చూపించారు. ఆమె చిన్నపిల్లల ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు. ఉర్దూ పుటకు కుడి అంచున, తెలుగు, ఇంగ్లీషు పుటలకు ఎడమ అంచున ఎర్రసిరాతో ఒక చుక్క పెట్టమన్నారు. చుక్క ఎక్కడుంటే అక్కడినుంచి బయలుదేరాలి, అంతే. కారణం కూడా ఆమే చెప్పారు. చెంచాను ఎటు తిప్పినా చెంచాయే, చెప్పును ఎటు తిప్పినా చెప్పే. పుట్టినప్పటినుంచి పిల్లవాడు నేర్చుకున్నది అది. అక్షరాన్ని తిప్పితే మాత్రం పేరే మారిపోతుంది! ఈ వింత నియమం వాడికి కొత్త. మన ఉర్దూలో మరీ చిత్రం: బే, పే, తే, సే నాలుగింటికీ ఒళ్ళు ఒకటే, చుక్కలే తేడా. పైగా మాట మొదట ఒక రూపం, నడుమ ఇంకొకటి, చివర మరొకటి. అటువంటి లిపిని ఆరేళ్ళవాడు పట్టుకుంటున్నాడంటే మెచ్చుకోవలసింది పోయి నేను చెవి పట్టుకున్నాను. ఆ రెండు వారాల్లో వాడి రాత కుదిరింది. మూడు నెలల బెంచీకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి మా ఇంట్లో జరిగింది. రంజాన్‌లో ఇఫ్తారుకు షర్బత్ పోస్తూ మా చిన్నమ్మాయికి వెడల్పు గ్లాసు ఇచ్చాను. వాళ్ళ అన్నకు సన్నటి పొడుగు గ్లాసు. అన్నకే ఎక్కువ పోశారని ఏడుపు. ఆమె కళ్ళ ముందే ఒకదానిలోనుంచి రెండోదానిలోకి పోసి చూపించినా ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళ అన్న నవ్వాడు. స్విట్జర్లాండుకు చెందిన పియాజే, 1896లో పుట్టి 1980లో చనిపోయిన పెద్దాయన, తన ముగ్గురు పిల్లల్ని పసితనంనుంచి గమనించి పుస్తకాలు రాసినవాడు, సరిగ్గా ఇదే పరీక్షను చాలామంది పిల్లలకు పెట్టి చూశాడు. ఆ వయస్సులో పిల్ల ఒక్క ఎత్తునే చూస్తుంది, వెడల్పును దానితో జతచేసి ఆలోచించలేదు. ఆమె మొద్దు కాదు, బుద్ధి ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు తీసివేత లెక్కలో 'పక్కింటినుంచి అప్పు' తెమ్మంటే, పిల్ల తెస్తుంది, ఎందుకో తెలియకుండా. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మనవాళ్ళు. ఆ సామెతకు వంచడమే కనపడుతుంది గాని పెరగడం కనపడదు.

భాష మాట కూడా అంతే. మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. నక్కో అంటారు, హౌ అంటారు, కైకు అంటారు. పుస్తకంలో ఉండేది నహీఁ, హాఁ, క్యోఁ. వాడు ఏదో చెప్పబోతుంటే నడుమ ఆపి 'నక్కో కాదు, నహీఁ అను' అంటే ఆ రోజుకు వాడి నోరు మూతపడుతుంది. ముందు చెప్పనివ్వాలి. పుస్తకం మాట మెల్లగా పక్కన వచ్చి కూర్చుంటుంది.

ఇవన్నీ నేను పిల్లల్ని పాడుచేస్తూ నేర్చుకున్నాను. వాటిని ముందే నేర్పే డిగ్రీ మన దేశంలో ఉన్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మౌలానా ఆజాద్ పేరున ప్రాథమిక, సామాజిక విద్యా కేంద్రం ఒకటి ఉంది. ఆ కేంద్రం రూపొందించిన బి.ఎల్.ఎడ్. అనే నాలుగేళ్ళ డిగ్రీ 1994లో మొదలైంది. ఇంటర్ తర్వాత చేరేవారు. మొదటి ఏడే శిశువికాసం పాఠం. పిల్లల దగ్గర కూర్చొని, వాళ్ళు ఏం చేస్తున్నారో చూసి రాసుకోవడం ఒక పని. నాటకం, చేతిపనులు, కథ చెప్పడం ఉన్నాయి. తాము బడిలో బట్టీపట్టిన లెక్కలను, సైన్సును మళ్ళీ మొదటినుంచి అర్థం చేసుకోవడం ఉంది. నాలుగో ఏట బడిలో ఉండి పని నేర్చుకోవాలి. ఆ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు నడిపినవి అన్నీ మహిళా కళాశాలలే. 

ఇది మనకు కొత్త ఆలోచన కూడా కాదు. హైదరాబాదులో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు జామియాను నడిపిస్తున్న కాలంలో, 1938లో, అక్కడ 'ఉస్తాదోఁ కా మదర్సా' తెరిచారు. పిల్లలకే కాదు, ఉస్తాదులకూ మదర్సా కావాలన్నమాట.

బి.ఎడ్. ఉన్నవారు ప్రాథమిక తరగతులకు పనికిరారా అని కోర్టులదాకా వ్యవహారం వెళ్ళింది. ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలునని 2018లో ఎన్.సి.టి.ఇ. ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. చిన్నపిల్లలకు చెప్పడానికి కావలసిన నేర్పు వేరని కోర్టు అన్నది. ఆ తీర్పువల్ల నా వంటి బి.ఎడ్. వాళ్ళు చాలామంది నష్టపోయారు, అందులో నా శిష్యులూ ఉన్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. అయినా ఆ బాబును బెంచీమీద నిలబెట్టినవాడిగా తీర్పు సరైనదే అంటాను.

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం 2030 నాటికి ఉపాధ్యాయుడికి కనీస అర్హత నాలుగేళ్ళ సమగ్ర బి.ఎడ్. కావాలి. దాన్ని ఐ.టి.ఇ.పి. అంటున్నారు. బి.ఎల్.ఎడ్. తీసి దాని చోట ఈ కోర్సు పెట్టాలని 2023లో ఢిల్లీ విశ్వవిద్యాలయం తీర్మానిస్తే అక్కడి అధ్యాపకుల్లోనే కొందరు వద్దన్నారు. నాకూ ఆ సంకోచం ఉన్నది. పేరు మారితే ఫరవాలేదు, పిల్లల పక్కన కూర్చొని గమనించే ఆ గంటలు పోకూడదు.

ఇక అసలు సంగతి. కమిటీ పెద్దలు కోప్పడకూడదు. మన బళ్ళలో జరుగుతున్నదేమిటి? బాగా చదివిన ఉస్తాదును పదో తరగతికి వేస్తాము, ఫలితాలు పత్రికలో పడతాయి గనుక. ఒకటో తరగతికి ఇంటర్ అయి ఖాళీగా ఉన్న అమ్మాయిని తక్కువ జీతానికి పెడతాము. అక్షరాలు అక్కడ చెడితే పదో తరగతి ఉస్తాదు ఏం చేయగలడు? ఇద్దరికీ ఒకే జీతం ఇచ్చి చూడండని నా మనవి.

మన సొసైటీ స్కాలర్‌షిప్పులు ఇంజనీరింగుకు, వైద్యవిద్యకు పోతున్నాయి, మంచిదే. వచ్చే ఏడు వాటిలో రెండు ఈ నాలుగేళ్ళ కోర్సులో చేరే ఆడపిల్లలకు కేటాయించండి. ప్రవేశానికి ఎన్.సి.ఇ.టి. అనే పరీక్ష ఉంది. ఉర్దూలోనూ రాయవచ్చు, తెలుగులోనూ రాయవచ్చు. దరఖాస్తు నింపడం తెలియనివారు, అమ్మాయిని దూరం పంపడానికి జంకేవారు ఉంటే, జుమా నమాజు తర్వాత సొసైటీ ఆఫీసులోనే ఉంటాను. అమ్మాయిని కూడా వెంట తీసుకొని రండి, ఆమె మాట కూడా వినాలి గదా.