కన్నతల్లి కులం లెక్కకు రాదా?

(మారేడ్‌పల్లి బస్తీ సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త ప్రసంగ పాఠం)



కులాంతర పెళ్లి చేసుకున్నోళ్లకు దండలేసి చప్పట్లు కొడతం. మంచిదే. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలైన మందని బాబాసాహెబ్ 1936లోనే రాసిండు. మరి వాళ్ల పిల్లల సంగతేంది? బడిలో చేర్చేనాడు "మీ నాయనదేం కులం?" అనే అడుగుతరు. అమ్మ కులం ఎవరికీ పట్టదు.

ఇది మన ఒక్కరి గోడు కాదు. పక్కనున్న లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఆంగ్లో-ఇండియన్లను చూడండి. రాజ్యాంగం 366(2) ప్రకారం తండ్రి వైపు యూరప్ మూలముంటేనే ఆంగ్లో-ఇండియన్. తల్లి వైపు ఉంటే కాదు. అంతటా తండ్రి పెత్తనమే!

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. తల్లి రాధికమ్మ మాల. తండ్రి వడ్డెర. తండ్రికి దూరంగా తల్లే కష్టం చేసి సాకింది. చావుకు కారణమెవరని అడిగితే, జవాబు చెప్పకుండా "అసలు దళితుడేనా?" అని కులం తవ్విండ్రు. 2024లో కూడా పోలీసులు దళితుడు కాదని రాసి కేసు మూయబోయిండ్రు. జనం లేచినంక మళ్లీ విచారణ అన్నరు. బతికుండగా వెలివేసిన కులం, చచ్చినంక లేకుండా పోయిందా?

సుప్రీంకోర్టు 2012లో గుజరాత్‌కు చెందిన రమేశ్‌భాయి నాయక కేసులో ఏం చెప్పింది? తండ్రి కులమే బిడ్డ కులమని మొదట అనుకోవచ్చు గానీ అదే ఆఖరు మాట కాదు. తల్లి దగ్గర, తల్లి కులంలో పెరిగి, వాళ్లు పడ్డ అవమానాలే పడ్డడని, లోపలోళ్లూ బయటోళ్లూ ఆ కులస్తుడిగానే చూసిండ్రని రుజువు చేస్తే తల్లి కులం దక్కుతది.

కాబట్టి రుజువులు ఇప్పట్నుంచే దాయండి. తల్లి కుల సర్టిఫికెట్, బడి రికార్డు, ఏ వాడలో పెరిగిండో చెప్పే రేషన్ కార్డు, ఇరుగుపొరుగు వాంగ్మూలం. తహసీల్దారు కాదంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటకు అప్పీలు ఉండదు. ఒంటరి తల్లిని ఒంటరిగా ఆఫీసుకు పంపకండి, సంఘం నుంచి ఇద్దరు వెంట పోవాలె.

ఇంకోమాట, చేదుగా ఉన్నా వినండి. ఆ పిల్లల్ని అటోళ్లు "తక్కువ" అంటే, మనోళ్లు "సగమోడు" అంటున్నరు. పొత్తు కలిపిన పెళ్లిని మెచ్చి, పుట్టిన బిడ్డను గడప బయట నిలబెడితే అది ఉద్యమమెట్లయితది? డప్పు కాడ, పంక్తి కాడ, సంఘం మీటింగు కాడ వాళ్లకు నిండు చోటియ్యాలె.

తల్లి చెమటకు కూడా కులం ఉంది. ఆ లెక్క రాయించేదాక అడుగుదాం.

జై భీమ్!