ధ్రువయాత్రకు మూటాముల్లె



బదిలీ ఉత్తరువు చేతికందిన నాటినుండి పెట్టెబేడలు సర్దుకొనుట మన కేంద్రప్రభుత్వోద్యోగులకు అలవాటైన పనియే. ఢిల్లీ చేరిన పిమ్మట ఆవకాయ జాడీ వచ్చినది గాని గరిటె రాలేదని తెలియును. గరిటెను కరోల్‌బాగులో కొందుము. మరపునకు అంగడియే ప్రాయశ్చిత్తము. అంగడియే లేని చోటికి ప్రయాణము కట్టువారి సంగతి యేమి? దక్షిణధ్రువ ప్రాంతమునకు మూటలు కట్టినవారి యిక్కట్టులను గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

నార్వే దేశీయుడైన అమండ్సెన్ 1911 జనవరిలో తిమింగిలముల అఖాతమున దిగెను. సామగ్రి విషయమున అంతటి జాగరూకుడు అరుదు. కుక్కలు వచ్చినవి, మంచుబండ్లు వచ్చినవి, తిండిగింజలు వచ్చినవి. మంచుదేశమునకు మంచు ఎత్తు పార మాత్రము రాలేదు! ఇంటిచుట్టు మంచు పేరుకొనిన పిమ్మట గాని ఆ లోటు తోచలేదు. దళములో పనివాండ్రుండుటచేత ఇనుపరేకులతో పారలు చేసికొని గట్టెక్కిరి. బూట్లు సయితము బిగుతైనవై, చలికాలమున విప్పి మరల కుట్టుకొనవలసి వచ్చెను.

అదే కాలమున ఆంగ్లేయుడైన స్కాట్ దళమునకు కీడు చిన్న మూతవలన కలిగెను. తిరుగుదారిలో నిలువచేసిన కిరసనాయిలు డబ్బాల మూతలకు తోలుబిళ్ళలుండెను. అవి బిగువు సడలగా నూనె కొంచెము కొంచెముగా ఆవిరియై పోయెను. 1912లో ధ్రువమునుండి మరలివచ్చుచున్నవారు డబ్బాలెత్తి చూడగా నూనె తక్కువగా నుండెను. అచట నూనె లేనిచో వంటయే కాదు, త్రాగునీరును లేదు. మంచు కరగవలెను గదా! ఆకలియు, శీతలమును, అనారోగ్యమును తోడుకాగా, చివర మిగిలిన మువ్వురు తరువాతి ఆహారపు నిలువకు 11 మైళ్ళ దూరమున గుడారములో అసువులు బాసిరి. నూనె కొఱత యొక్కటియే కారణమనరాదు. కాని కారణములలో నదియు నొకటి. అమండ్సెన్ తన డబ్బాలను టంకముతో అతికించి మూయించెను.

మన దేశపు తొలిదళము డాక్టరు ఖాసిం నాయకత్వమున 21 మందితో 1981 డిసెంబరు 6న గోవా విడిచి, 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగెను. గోవా యెండలో నిలిచి, ఎన్నడును చూడని మంచును ఊహించుకొని జాబితా వ్రాయుట సులభము కాదు. నేడు మనకచట 1989 నాటి మైత్రి, 2012 నాటి భారతి అను కేంద్రములు కలవు. శీతకాలమున నెలల తరబడి ఓడ చేరదు. మరచిన మరమేకు, మందుబిళ్ళ, కంటద్దములు అంతవరకు మరచినవే.

కావున సామానుల పేర్లు చదివి గుర్తులు పెట్టుకొనుట చాలదు. నిద్రలేచినది మొదలు నిద్రించువరకు ఒక దినమును మనసులో గడపి, ప్రతి పనికిని చేతికేమి కావలెనో చూడవలెను. ఒకరు సర్దిన పెట్టెను మరియొకరు విప్పి చూడవలెను.

ధ్రువమున జెండా నాటినవారి పేర్లు బడిపిల్లలు సయితము ఎరుగుదురు. డబ్బా మూత బిగించినవాని పేరు ఎవరెరుగుదురు? సామానుగదుల లెక్కలు చూచు సోదరులు ఈ సభలో పలువురున్నారు. తమ పని గుమాస్తా పనియే గదా యని వారు చిన్నబుచ్చుకొనవలదు. ఎంతో దూరమున ఎవరో ఆ మూతను నమ్మి నడచుచుందురు.